రంగు వేస్తే చాలదు
తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఉప్పాడలోనైనా, మరే రేవులోనైనా పాత పడవల మరమ్మతుకు ఇదే అదను. బీటలు పూడ్చి రంగు వేయడంతో పని ముగిసిందనుకోవడం ప్రమాదకరం.

కొయ్య తెప్ప తిరగబడినా తేలుతుంది, పట్టుకు వేలాడవచ్చు. ఫైబరు, అల్యూమినియం పడవలు అలా కావు. నీరు నిండితే ఇంజనుతో సహా అడుగంటుతాయి. వాటిని తేల్చేది లోపల నింపిన ఫోమే. ఘనపు అడుగు ఫోము నీటిలో సుమారు 27 కిలోలను మోస్తుంది. కాని ఏళ్ల తరబడి నీరు పీల్చిన ఫోము తేల్చకపోగా తానే బరువవుతుంది. కనుక విప్పి చూడాలి, తడిసివుంటే మార్చాలి. థర్మోకోలు పనికిరాదు, పెట్రోలు తగిలితే కరిగిపోతుంది. కొత్త ఫోమును అడుగునే కాక, రెండు పక్కలా అంచు కిందా అమర్చాలి. అంతా అడుగునే ఉంటే నీరు నిండిన పడవ బోర్లాపడుతుంది.

మత్స్యశాఖ అధికారులు పడవల తనిఖీలో కాగితాలతోపాటు ఫోమును కూడా చూడాలి. మరమ్మతు చేసే పనివారికి ఈ మెళకువ నేర్పాలి. వల పోతే మళ్లీ అల్లుకోవచ్చు. ఇంటి పెద్ద పోతే ఆ ఇంటికి దిక్కెవరు?