పట్టా చేతికొచ్చింది, పెట్టుబడి ఏది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ముస్లిములలోని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ అమలులోకి వచ్చింది. న్యాయస్థానాల్లో వివాదాలను ఎదుర్కొంటూనే నిలిచిన ఆ హక్కు, బోధన రుసుముల చెల్లింపు పథకంతో కలిసి మన ఇళ్లలో ఒక కొత్త తరాన్ని తీర్చిదిద్దింది. పంక్చర్ దుకాణం నడిపే తండ్రి, బట్టలు కుట్టే తల్లి తమ బిడ్డను ఇంజినీరింగ్ కళాశాలకు పంపగలిగారు. కొందరు ఎం.టెక్. దాకా, పరిశోధన దాకా వెళ్లారు. ఇది చిన్న విజయం కాదు.

పట్టా చేతికొచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో వినిపించే ప్రశ్న ఒక్కటే: ఉద్యోగం ఎప్పుడు? హైటెక్ సిటీలోనా, గల్ఫ్‌లోనా? తీర్చవలసిన అప్పులు, పెళ్లీడుకొచ్చిన చెల్లెలు ఉన్న ఇంట్లో ఆ ప్రశ్న సహజమే. కానీ "నువ్వే ఒక సంస్థ ఎందుకు పెట్టకూడదు?" అని అడిగే పెద్దలు మనలో ఎందరున్నారు?

నిజానికి సొంత పని మనకు కొత్త కాదు. ఇతర వర్గాలతో పోలిస్తే ముస్లిములు స్వయం ఉపాధిపైనే ఎక్కువగా ఆధారపడుతున్నారని 2006లో సచార్ కమిటీ నివేదిక తేల్చి చెప్పింది. చదువులేని తాత తోపుడు బండితో బతుకు మొదలుపెట్టాడు. చదువుకున్న మనవడు మాత్రం వెనుకాడుతున్నాడు. అతనిది పిరికితనం కాదు. తాత బండికి సాయంత్రానికల్లా డబ్బు చేతికొచ్చేది. సాంకేతిక సంస్థకు నమూనా తయారుకావాలి, పరీక్షలు జరగాలి, కొనేవారు దొరకాలి. ఆదాయం లేని ఒకటి రెండేళ్లు గడవాలి. ఆ రెండేళ్ల భారాన్ని ఎవరు మోస్తారన్నదే అసలు ప్రశ్న.

ఆ భారాన్ని మోస్తే ఫలితం ఎలా ఉంటుందో చెప్పే చరిత్ర మనకు ఉంది. 1935లో ముంబైలో సిప్లా సంస్థను స్థాపించిన ఖ్వాజా అబ్దుల్ హమీద్ జర్మనీలో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందిన పరిశోధకుడు. పాశ్చాత్య కంపెనీలు ఎయిడ్స్ మందులకు రోగి నుంచి ఏడాదికి 10 వేల డాలర్లకు పైగా తీసుకుంటున్న రోజుల్లో, 2001లో ఆయన కుమారుడు యూసుఫ్ హమీద్ నాయకత్వంలోని ఆ సంస్థ అవే మందులను 350 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చింది. ఒక పరిశోధకుడు ఉద్యోగంతో తృప్తిపడకపోవడం వల్ల లోకానికి కలిగిన మేలు అది.

ఈ భారంలో మొదటి వాటా ప్రభుత్వానిది. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో సాధారణ వర్గానికి పట్టణాల్లో 15 శాతం, గ్రామాల్లో 25 శాతం రాయితీ ఉంటే, మైనారిటీలకు అది 25, 35 శాతం. సూక్ష్మ, చిన్న సంస్థలకిచ్చే 10 లక్షల రూపాయల వరకు రుణాలకు ఆస్తి తాకట్టు అడగరాదని రిజర్వ్ బ్యాంకు 2010లోనే ఆదేశించింది. కాగితం మీద ఇంత ఉన్నా, కొన్ని బ్యాంకులు ముస్లిములు ఎక్కువగా ఉండే ప్రాంతాలను రుణాలకు పనికిరాని ప్రాంతాలుగా ముద్రవేశాయని సచార్ నివేదికే నమోదు చేసింది. హైదరాబాద్‌లో 2015లో టి-హబ్, 2018లో మహిళల కోసం వి-హబ్, 2023లో నమూనాల తయారీకి టి-వర్క్స్ వెలిశాయి. అయితే పాతబస్తీ నుంచి, కర్నూలు నుంచి, గుంటూరు నుంచి మన పిల్లలు ఎందరు ఆ గడప తొక్కారు? మరోవైపు మైనారిటీ పరిశోధక విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. పరిశోధనే ఆగిపోతే దాని నుంచి పుట్టవలసిన సంస్థ ఎక్కడిది? ఆ ఫెలోషిప్‌ను పునరుద్ధరించాలి. బ్యాంకు శాఖల వారీగా, ప్రోత్సాహక కేంద్రాల వారీగా మైనారిటీలకు అందిన వాటాను ఏటా ప్రకటించాలి. ఇది దయ కోసం విన్నపం కాదు, లెక్క చెప్పమనే హక్కు.

రెండో వాటా మనది. వడ్డీ ఉన్నందున బ్యాంకు రుణం వద్దనుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఆ నిష్ఠను గౌరవించవలసిందే. కానీ వడ్డీని కాదన్న ధర్మమే లాభనష్టాల్లో పాలుపంచుకునే భాగస్వామ్యాన్ని అనుమతించింది. ఒకరి ధనం, మరొకరి శ్రమ కలిసే ముదారబా అటువంటిదే. దైవదౌత్యానికి పూర్వం ముహమ్మద్ (స) హజ్రత్ ఖదీజా (ర) సరుకుతో సిరియాకు వర్తకానికి వెళ్లిన సంగతి మన పిల్లలకు కథగా చెబుతాం. ఒక యువకుని నిజాయితీని నమ్మి ఒక స్త్రీ తన సంపదను అతని చేతిలో పెట్టిందన్న పాఠాన్ని మాత్రం మనం ఆచరణలోకి తేలేదు.

ఇక్కడ ఒక భయం ఉంది, దాన్ని దాచిపెట్టకూడదు. వడ్డీలేని లాభం పేరిట వచ్చిన పథకాల్లో హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో వేలాది ముస్లిం కుటుంబాలు తమ పొదుపును పోగొట్టుకున్నాయి. ఆ గాయం ఇంకా మానలేదు. అందుకే ధర్మం పేరు చెప్పడమే పూచీకత్తు కాజాలదు. నమోదైన సంస్థ, రాతపూర్వక ఒప్పందం, ఆడిటర్ తనిఖీ చేసిన లెక్కలు లేనిదే ఒక్క రూపాయి ఇవ్వరాదు. నెలనెలా ఖాయంగా లాభం వస్తుందని ఎవరైనా చెబితే ఆ గుమ్మం దిగి వచ్చేయాలి. నష్టపోయినా ఇల్లు కూలని మొత్తాన్నే పెట్టాలి. జకాత్ పేదల హక్కు, దాన్ని ఇందుకు తాకరాదు. ఫంక్షన్ హాలులో ఒక్క రాత్రి విందుకు లక్షలు వెచ్చించగల కుటుంబాలు పది కలిస్తే, అందులో కొంత భాగంతో ఒక సంస్థకు మొదటి రెండేళ్లు గడుస్తాయి.

అవకాశాలు దూరంలో లేవు. మెకానిక్ షెడ్డులో పెరిగిన ఇంజినీరుకు విద్యుత్ వాహనాల మరమ్మతులో ఏ లోటు ఉందో తెలుసు. మిర్చి యార్డులో పనిచేసే తండ్రి గల అమ్మాయికి సరుకు నాణ్యతను కొలిచే పరికరం అవసరమేమిటో తెలుసు. ఆ ఎరుక కూడా ఒక పెట్టుబడే.

ప్రతి పట్టణంలో ఒక కళాశాల అధ్యాపకుడు, ఒక ఆడిటరు, ఇద్దరు అనుభవజ్ఞులైన వర్తకులు నెలకొకసారి కూర్చుని ఇటువంటి యువతీయువకుల ఆలోచనలు వినాలి. మస్జిద్ కమిటీలు అందుకు ఒక గది ఇవ్వగలవు. పది ఆలోచనల్లో ఏడు విఫలం కావచ్చు. విఫలమైన బిడ్డను నిందించకుండా మళ్లీ ఉద్యోగానికి పంపగల నిబ్బరం ఇంటికి ఉండాలి. ఈసారి పట్టా పుచ్చుకున్న బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు, ఉద్యోగం సంగతి అడిగే ముందు, నీ మనసులో ఏముందని ఒక్కసారి అడుగుదాం.