ఒక్క గిరాకి మీద బతుకుతున్న రేవు

జిబూటి అనే దేశం పేరు మనల చాలామంది విని ఉండరు. ఆఫ్రికా తూర్పు దిక్కు, ఎర్ర సముద్రం మొగదల ఉంటది. మొత్తం కలిపి 23,200 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణల ఐదో వంతు. జనం పది లక్షల పైచిలుకు. వానలు పడవు, సాగు లేనట్టే, పెట్రోలు బావులు లేవు. దేవుడిచ్చింది ఒక్కటే, జాగ. సూయజ్ కాలువ మీదికెళ్లి ఆసియాకు, యూరప్‌కు నడుమ తిరిగే ఓడలు బాబ్ ఎల్ మండెబ్ జలసంధి దాటాలె. ఆ జలసంధి ఒడ్డుకే జిబూటి ఉన్నది.

1977ల ఫ్రాన్స్ నుంచి స్వతంత్రం వచ్చింది. అప్పటిసంది ఈ జాగను కిరాయికిచ్చే బతుకుతున్నది. ఫ్రాన్స్, అమెరికా, జపాన్, ఇటలీ, 2017 నుంచి చైనా, అందరి సైన్యాలు అక్కడ మకాం వేసినయ్. అమెరికా ఏటా దగ్గర దగ్గర 6.3 కోట్ల డాలర్లు కట్టేటట్టు 2014ల ఒప్పందమైంది. అమెరికా, చైనా ఒక్క ఓనరుకే కిరాయిదార్లు. ఆ ఓనరు ఇద్దరితోని నవ్వుకుంటనే మాట్లాడాలె మరి.

అయితే అసలు గల్లా నింపేది సైన్యాలు కాదు, పక్కన్నే ఉన్న ఇథియోపియా. 1993ల ఎరిత్రియా విడిపోంగనే ఇథియోపియాకు సముద్రం లేకుంట పోయింది. 1998ల ఆ రెండింటికి యుద్ధమై అసబ్ రేవు దారి కూడా బందైంది. ఇగ 12 కోట్లకు పైన జనమున్న దేశానికి ఎరువులు, పెట్రోలు, గోధుమలు రావాలన్నా, కాఫీ గింజలు పోవాలన్నా జిబూటే దిక్కు. వాళ్ల విదేశీ వ్యాపారంల తొంభై శాతానికి పైగా ఈ దారినే నడుస్తది. చైనా అప్పుతోని అడిస్ అబాబా దాక 750 కిలోమీటర్ల కరెంటు రైలు మార్గం వేసిన్రు, 2018ల నడుపుడు షురువైంది.

చూసేటోళ్లకు ఇది బంగారు బాతే. కానీ అక్కడి పోరగాళ్లకు కొలువులెన్ని అని అడిగితే మాట మారుతది. క్రేను డబ్బాను దించుతది, లారీ ఎక్కిస్తది, అది పోతది. లారీ ఎక్కువ శాతం ఇథియోపియోళ్లదే, డ్రైవరూ ఆడోడే. జిబూటికి మిగిలేది రేవు చార్జీలు, దారి సుంకం. సర్కారు ఖజానకు పైసలొస్తయ్, గల్లీలకు రావు.

దుబాయ్ జెబెల్ అలీల పనిచేసొచ్చిన మన జగిత్యాల, సిరిసిల్ల అన్నలకు తేడా ఎరుకే. అక్కడ 1979ల రేవు పెట్టిన్రు, 1985ల పక్కన్నే ఫ్రీ జోన్ తెరిచిన్రు. డబ్బా ఊకె దాటిపోదు. విప్పుతరు, ఏరుతరు, లేబుల్ వేస్తరు, బిగిస్తరు, మళ్ల వేరే దేశానికి అమ్ముతరు. చేతులకు పని దొరికేది డబ్బా విప్పినకాడనే. (ఆ చేతులు చానా మటుకు మనోళ్లవి కావుడు వేరే ముచ్చట.) జిబూటి కూడా 2018ల పెద్ద ఫ్రీ జోన్ మొదలువెట్టింది. ఫ్యాక్టరీకి కరెంటు, నీళ్లు కావాలె కదా. ఆ రెండిటికీ మళ్ల ఇథియోపియా దిక్కే చూడాలె.

అదే ఏడు ఇంకోటి అయింది. దొరాలె కంటైనర్ టెర్మినల్ నడిపే దుబాయ్ కంపెనీ డీపీ వరల్డ్ ఒప్పందాన్ని జిబూటి రద్దు చేసింది. మా రేవు మా చేతుల ఉండాలె అన్నది, ఆ మాటల న్యాయమున్నది. కానీ లండన్ మధ్యవర్తిత్వంల తీర్పులు చానా మటుకు కంపెనీ దిక్కే వచ్చినయ్. ఆ కంపెనీ అప్పటికే పక్కన సోమాలిలాండ్‌ల బెర్బెరా రేవు పట్టుకున్నది. 2024 జనవరి 1 నాడు ఇథియోపియా పోయి అదే సోమాలిలాండ్‌తోని సముద్రం దారి కోసం సంతకం పెట్టింది. సోమాలియా భగ్గుమన్నది, ఒప్పందం ముందటికి సాగలేదు. అయినా జిబూటికి చెమటలు పట్టినయ్. అదే ఏడు ఆగస్టుల తజూరా రేవు నిర్వహణ మొత్తం మీకే ఇస్తమని ఇథియోపియాకు చెప్పింది. ఉన్న ఒక్క గిరాకి లేచి పోతాంటే దుకాణపోడు తాళం చేతులు ఇచ్చినట్టే ఇది.

మనకు కూడా సముద్రం లేదు. బందరు రేవుకు రోడ్డు వేస్తం, ఇక్కడ డ్రై పోర్టు పెడతం అని మన సర్కారు అంటున్నది. మంచిదే. భూములు అడుగుతానికి వచ్చిన రోజు ఊరోళ్లు పరిహారంతోని పాటు ఇంకోటి కూడా అడగాలె: డబ్బాలు ఇక్కడ విప్పుతరా, తాళం తియ్యకుంటనే పంపుతరా?