కదలని నట్టు

తాళము త్రిప్పినపుడు టక్కుమను చప్పుడే గాని కారు కదలనిచో, తొలుత బ్యాటరీ టెర్మినళ్లను చూడుడు. వానిపై సున్నమువంటి పొడి పేరుకొన్నచో విద్యుత్తు సరిగా ప్రసరింపదు.

మొన్న మా పాత మారుతి కారు ఇట్లే మొరాయించినది. మఱునాడే అత్తగారిని కంటి శస్త్రచికిత్సకై బోధను నుండి నిజామాబాదునకు తీసికొనిపోవలసియుండెను. మావారు మామగారి పానాల పెట్టె తెఱచిరి. మామగా రొకప్పుడు శక్కర్‌నగరు చక్కెర కర్మాగారమున ఫిట్టరు. 2015లో అది మూతపడినను ఈ పానాలు మాత్రము నిగనిగలాడుచున్నవి. అయినను నట్టు రెండు గంటలు కదలలేదు. బడిపిల్లలపై ఎన్నడును చూపని కోపము దానిపై చూపి మావారు సుత్తి నందుకొనిరి! నేను వారించితిని. టెర్మినలు సీసముతో చేసినది, మెత్తనిది. అది విఱిగిన బ్యాటరీయే పోవును. వేడినీట వంటసోడా కలిపి పోయగా పొడి పొంగి కరగెను, నట్టు వదలెను. ఆ నీరు బ్యాటరీ లోనికి పోరాదు సుమా.

విప్పునపుడు మైనసు తీగను ముందు, బిగించునపుడు చివర పట్టవలెను. లేనిచో పానా కారు రేకునకు తగిలి నిప్పురవ్వలు లేచును. బ్యాటరీనుండి హైడ్రోజను వెలువడును గనుక అగ్గిపుల్ల గీయరాదు. బంగారు గాజులు తీసి, మంగళసూత్రము వ్రేలాడకుండ లోనికి దోపుకొనుడు. బిగించిన పిదప టెర్మినళ్లకు వాసెలీను పూసినచో పొడి త్వరగా పట్టదు.