అతుకు వేసిన తాడుకు రిజిస్టరుంది, కారుకేది?

శ్రీరాంపూర్ ఆర్కే-7 బొగ్గుగనిలో నేను రోప్ స్ప్లైసర్‌ని. 2019లో రిటైరయ్యాను. డిప్పులో, అంటే గని లోపలి ఏటవాలు దారిలో, టబ్బులను లాగే ఇనుప తాడు అరిగినా, పోగు తెగినా, ఆ ముక్క కోసేసి మళ్లీ అతకడం నా పని. తాడును రెండు కొసలా విప్పి, నడుమ నారను తీసేసి, ఒక పోగు జాగాలో ఇంకో పోగును పొదుగుతూ పోవాలి. చేత్తో తడిమినా అతుకు ఎక్కడుందో తెలియకూడదు. అప్పుడే పనిమంతుడని పేరు. అంత నున్నగా చేశాక కూడా పైకొచ్చి, పేజీలకు నంబర్లేసిన రిజిస్టరులో రాయించేవాళ్లం. ఏ తేదీ, ఏ హాలేజీ, ఎవరు అతికారు, కింద సంతకం. కొత్త పిల్లలు నవ్వేవారు, కనబడని అతుకుకు ఇంత రాతకోత ఎందుకని. కనబడదు కాబట్టే రాయాలిరా అనేవాణ్ని.

పోయిన వానాకాలం ఆ రిజిస్టరు మళ్లీ గుర్తుకొచ్చింది, గనిలో కాదు, మా అల్లుడి కారు దగ్గర.

2024 దసరాకు సింగరేణి లాభాల్లో 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకు పంచారు. ఎస్సార్పీ-3 గనిలో పనిచేసే మా అల్లుడికీ అందింది. లాభాల వాటా వచ్చిందంటే మా కాలనీల్లో ముందు బంగారం, తర్వాత బండి. వాడు ఆ డబ్బును ముట్టకుండా దాచి, మా బిడ్డ గొలుసు మీద ఇంకొంత లోను తీసుకుని, 2025 శివరాత్రికి ఒక కార్ల కన్సల్టెన్సీలో సెకండ్‌హ్యాండు కారు మాట్లాడాడు. 2021 మోడల్, తెల్ల రంగు, పెట్రోలు, ఏపీ 39 నంబరు. ధర నాలుగు లక్షల అరవై వేలు.

"మామా, నువ్వొక్కసారి చూడు, నీ కన్ను పడితే చాలు" అన్నాడు. చూశాను. తలుపులు కొట్టి చప్పుడు విన్నాను, బానెట్ ఎత్తించాను, టైర్లు చూశాను. అద్దంలా ఉంది. ముప్పై ఏళ్లకు పైగా అతుకులు వేసినవాణ్ని, అతుకు పట్టలేకపోయాను. ధర అంత తగ్గినప్పుడే అనుమానం రావాల్సింది అని ఇప్పుడు అందరూ అంటున్నారు. అప్పుడు అందరూ బేరం బాగా కుదిరిందన్నారు.

ఏపీ 39 అంటే ఎక్కడి బండో కూడా తెలియదు. ఆంధ్రలో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే సిరీస్. శ్రీకాకుళం బండి, బెజవాడ బండి, కర్నూలు బండి, పలక మీద మూడూ ఒకటే. అక్కణ్నుంచి ఎన్‌ఓసీ తెప్పించారు, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాం, చాసిస్ నంబరు సరిచూశారు. నంబరు సరిపోయింది, అది అబద్ధమేమీ కాదు. నెల తిరిగేసరికి ఏపీ 39 పోయి టీజీ 19 వచ్చింది. కారు మంచిర్యాల జిల్లాలో కొత్తగా పుట్టినట్టే అయింది.

బీమా కూడా చేయించాం. ఒకాయన ఫోన్లో లింకు పంపితే అల్లుడు కారు చుట్టూ తిరిగి వీడియో తీసి పంపాడు. అదే తనిఖీ. షోరూం ధర తొమ్మిది లక్షలు, మూడేళ్లు దాటింది కనుక తరుగు 40 శాతం, ఐడీవీ, అంటే బీమా లెక్కలో బండి విలువ, 5 లక్షల 40 వేలు అని లెక్క కట్టారు. ప్రీమియం పద్నాలుగు వేల చిల్లర. ఈ కారు ఇదివరకు ఎప్పుడైనా మునిగిందా, మడత పడిందా అని ఎవరూ అడగలేదు. అడిగినా మా దగ్గర జవాబు లేదు.

జులైలో ఇందారం దాటాక డ్యాష్‌బోర్డు లోపల్నుంచి పొగ వచ్చింది. బిడ్డ, మనవడు కూడా ఉన్నారు బండిలో. దిగిపోయారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, వైరింగ్ మాత్రం కాలిపోయింది. క్లెయిమ్ పెడితే సర్వేయరు వచ్చి కనెక్టర్లు ఊడదీసి చూశాడు. ఆకుపచ్చటి చిలుము. ఆయన మాకు ఏమీ చెప్పలేదు, ఫోటోలు తీసుకుని వెళ్లాడు. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది: నష్టం పాలసీకి ముందునుంచే ఉన్నది, ముఖ్యమైన విషయం దాచారు, క్లెయిమ్ చెల్లదు.

దాచామట! మాకే తెలియనిదాన్ని!

కృష్ణా కాలనీ దగ్గరి మెకానిక్ పిల్లవాడు సీటుబెల్టును కొసదాకా బయటికి లాగాడు. పైన శుభ్రంగా, లోపల జానెడు మేర మట్టిగీత. "కాకా, ఇగ కార్పెట్ లేపుతున్న, దూరం జరుగు" అన్నాడు. లేపగానే వచ్చిన వాసన నాకు తెలుసు. 2022 జులైలో గోదావరి ఎదురుతన్ని మంచిర్యాల రాంనగర్, ఎన్టీఆర్ నగర్ మునిగినప్పుడు మా బంధువుల ఇల్లు కడగడానికి పోయాను. అదే ఒండ్రు వాసన. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తున్నాయి. తర్వాత పాత నంబరు మీద సర్వీసు రికార్డు తీయిస్తే తేలింది. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ఆ కారును విజయవాడలో క్రేనుతో ఎత్తుకొచ్చి షోరూంలో దించారు. ఎస్టిమేటు వేశారు, రిపేరు చేయలేదు. ఆ తర్వాత రికార్డు ఖాళీ.

బుడమేరు వాగు కట్టలు తెగి విజయవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్న వారం అది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. మునిగిన స్కూటర్లకు మూడు వేలు, ఆటోలకు పదివేలు ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చింది. కార్లవాళ్లకు బీమాయే దిక్కు. ఆ కారు సొంతదారు మీద నాకు కోపం లేదు. ఇల్లు మునిగినవాడు, తనకు రావాల్సింది తాను తీసుకున్నాడు.

అసలు సంగతి ఇక్కడుంది. బీమా భాషలో టోటల్ లాస్ అంటే బండి నుజ్జునుజ్జయిందని కాదు. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కిందే లెక్క. మా కారునే తీసుకుంటే 5.40 లక్షల మీద నాలుగు లక్షల ఐదు వేలు దాటాలి. షోరూంలో మొత్తం వైరింగు, సీట్లు, కంప్యూటర్ డబ్బాలు కొత్తవి వేస్తే అది సులువుగా దాటుతుంది. అదే పనిని పాత సామాన్లతో లక్షా, లక్షన్నరలో ముగించే గ్యారేజీలు ఉన్నాయి. కాబట్టి కంపెనీ డబ్బు కట్టి శిథిలాన్ని ఆన్‌లైన్ వేలంలో అమ్మేస్తుంది, లేదా శిథిలం విలువ మినహాయించి సొంతదారుకే వదిలేస్తుంది. సంతకాలు పెట్టిన ఫారం 29, 30, వాటితో పాటు ఆర్సీ, చేతులు మారిపోతాయి.

మరి మోటారు వాహనాల చట్టం ఏమంటుంది? 55వ సెక్షన్ ప్రకారం బండి ధ్వంసమైతే, లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోతే, 14 రోజుల్లో ఆర్టీఏకు చెప్పి ఆర్సీ అప్పగించాలి. మా కారు ధ్వంసం కాలేదు. శాశ్వతంగా పనికిరాకుండానూ పోలేదు, ఐదు నెలలు శుభ్రంగా తిరిగింది. బీమా పద్దులో చచ్చిపోయింది, ఆర్టీఏ పద్దులో నిక్షేపంగా ఉంది. రెండు పద్దులకూ మధ్య ఉన్న సందులోంచి అది శ్రీరాంపూర్ దాకా నడుచుకుంటూ వచ్చింది. ఇదే సందులో దొంగలు కూడా దూరుతున్నారు. తుక్కయిన కారు ఆర్సీ కొని, అదే మోడల్ బండిని దొంగిలించి, చాసిస్ నంబరు చెక్కేసి దీని నంబరు కొట్టే ముఠాలను ఉత్తరాది పోలీసులు చాలాసార్లు పట్టుకున్నారు. అది వేరే కథ.

నాకు మింగుడుపడనిది ఏమిటంటే, ఆ సమాచారం ఎక్కడో లేకపోలేదు. దేశంలోని మోటారు పాలసీల, క్లెయిముల లెక్కలు పోగుచేసే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో హైదరాబాద్‌లోనే ఉంది. బీమా కంపెనీలను అదుపు చేసే ఐఆర్‌డీఏఐ ఆఫీసూ హైదరాబాద్‌లోనే. మనకేమో ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫైనాన్స్ ఉందా, పొల్యూషన్ ఎప్పటిదాకా, బీమా ఎప్పటిదాకా అన్నీ కనిపిస్తాయి. టోటల్ లాస్ గడి మాత్రం నాకు కనబడలేదు. క్లెయిమ్ తిరగ్గొట్టేటప్పుడు బండి చరిత్ర తవ్వగలిగినవాళ్లు, ప్రీమియం తీసుకునే రోజున ఆ నంబరొక్కటి కొట్టి చూడలేరా?

మా కొడుకు టెక్సస్‌లోని డెంటన్‌లో చదువుకునేటప్పుడు రీబిల్ట్ టైటిల్ కారు కొన్నాడు. అక్కడికి పోయిన మన పిల్లల్లో చాలామంది మొదటి కారు అదే, చవక కనుక. ఈ గొడవంతా చెబితే వీడియో కాల్‌లోనే తన కారు కాగితం చూపించాడు. "బాపూ, ఇగో చూడు, రీబిల్ట్ సాల్వేజ్ అని అచ్చేసే ఇస్తరు. అమ్మినా పోదది." అక్కడ 1992 నాటి చట్టం కింద జాతీయ జాబితా ఒకటి పెట్టారు. టోటల్ లాస్ చేసిన బండ్ల నంబర్లను బీమా కంపెనీలు, తుక్కు యార్డులు దానికి పంపాల్సిందే. బీమాకు వాడు మూడుచోట్ల అడిగాడట. ఎదుటివారికి జరిగే నష్టానికి అందరూ ఇస్తామన్నారు. సొంత కారు నష్టానికి ఇద్దరు కుదరదన్నారు, ఒకరు ఫోటోలు చూసి, విలువ తగ్గించి ఇచ్చారు. వాడికి ఏం దొరుకుతుందో, ఏం దొరకదో ముందే తెలుసు. అమెరికాలో అంతా సవ్యమని కాదు. ఒక రాష్ట్రంలో పడ్డ ముద్రను ఇంకో రాష్ట్రంలో రిజిస్టరు చేయించి కడిగేసే ఘనులు అక్కడా ఉన్నారట. మన ఏపీ 39 టీజీ 19 అయినట్టే.

అతికిన కార్లను నిషేధించమని నేను అడగడం లేదు. మా బొగ్గు బెల్టులో ఏదీ పారేయరు. సింగరేణి వర్క్‌షాపుల్లో మోటార్లు, పంపులు ఎన్నిసార్లు విప్పి కట్టామో లెక్కలేదు. వాటికి హిస్టరీ కార్డు ఉంటుంది, అంతే తేడా. ఓపెన్‌కాస్టులో డంపరు కాలం చెల్లితే సర్వే ఆఫ్ చేసి, అంటే పద్దులోంచి తీసేసి, వేలం వేస్తారు. కొన్నవాడు అది సర్వే ఆఫ్ డంపరని తెలిసే కొంటాడు, ఆ ధరే పెడతాడు. నాలుగున్నర లక్షల్లో కారెక్కాలనుకునే బదిలీ కార్మికుడికి అతికిన బండి తప్పేమీ కాదు. అతుకు సంగతి తెలిసి కొనే హక్కు వాడికి ఉండాలి.

కాబట్టి బీమా కంపెనీ టోటల్ లాస్ సొమ్ము చెల్లించిన రోజే ఆ చాసిస్ నంబరు ఆర్టీఏ కంప్యూటరుకు చేరాలి. ఆర్సీ మీద టోటల్ లాస్ అని, నీటమునకా, ప్రమాదమా అన్నదీ పడాలి. బండి నంబరు ఎన్నిసార్లు మారినా ఆ మాట చెరగకూడదు. మళ్లీ రోడ్డెక్కే ముందు మోటారు వాహన ఇన్‌స్పెక్టరో, తనిఖీ కేంద్రమో కార్పెట్ లేపి చూడాలి, ఫోన్ వీడియో కాదు. ఆ తర్వాత బీమా కంపెనీలు తప్పించుకోకూడదు. ఐడీవీ పావో, మూడో వంతో తగ్గించుకోండి, ప్రీమియం కూడా ఆ మేరకు తగ్గించండి. వైరింగుకు పూచీ లేదంటే ఆ ముక్క పాలసీలోనే తెలుగులో రాయండి. ఎదుటివారి నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం ఎలాగూ తప్పదు. మా కారు తరగతికి 2022 జూన్ నుంచి 3,416 రూపాయలు, అతికినదైనా అతకనిదైనా అంతే. మిగతా పది వేల పైచిలుకు దేనికి తీసుకున్నారో నాకు ఈరోజుకూ అర్థం కాలేదు.

దీనికి కన్సల్టెన్సీలవాళ్లు ఒప్పుకోరు. ముద్ర పడితే బండి ధర సగానికి పడిపోతుందంటారు. నిజమే, పడిపోతుంది. ఇప్పుడూ పడిపోయింది, కాకపోతే నష్టం మా అల్లుడి జేబులో పడింది. బీమా కంపెనీలకూ ఒక ఇబ్బంది ఉంది, వేలంలో శిథిలానికి వచ్చే రేటు తగ్గుతుంది. శుభ్రమైన ఆర్సీ ఉన్నందుకే శిథిలానికి అంత రేటు పలుకుతోందన్న సంగతి వాళ్లకు తెలియదనుకోను.

మేం బీమా కంపెనీకి మళ్లీ రాశాం. నెల గడిచాక హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పంపాం. అక్కడ లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. ఏమవుతుందో చూడాలి.

కారు మా క్వార్టరు ముందు వేపచెట్టు కింద ఉంది. వైరింగు మార్పించడానికి డెబ్బై వేలయింది. ఈ మధ్య ఒక బ్రోకరు వచ్చి నాలుగు లక్షలకు తీసుకుంటానన్నాడు. "కాగితాలు క్లీన్‌గున్నయి, టీజీ నంబరున్నది, ఇంకేం గావాలె" అన్నాడు. అల్లుడు నా ముఖం చూశాడు. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది మరి. సంగతి చెప్పమన్నాను, చెప్పాడు. బ్రోకరు రెండున్నరకు దిగాడు. కొనేవాళ్లకు నువ్వూ చెబుతావా అని అడిగాను. నవ్వి, టీ తాగి, ఫోన్ చేస్తానని వెళ్లాడు. పది రోజులైంది.