అటూ ఇటూ ఎంత?

పిల్లలూ! మా చీరాల, పేరాల వీధుల్లో మగ్గం మీద కూర్చున్న నేతగాణ్ణి "ఈ చీరకు ఎంత నూలు పడుతుంది?" అని అడిగారనుకోండి. ఆయన ఒక అంకె చెబుతాడు. వెంటనే "తెగిన పోగులకూ, అతుకులకూ కొంత అటూ ఇటూ అవుతుంది" అని కూడా అంటాడు. కల్లంలో మిరపకాయలు ఆరబోసిన రైతును "ఎండాక ఎంత తూగుతాయి?" అని అడిగినా అంతే. ముందు అంకె, ఆ వెనుకనే అటూ ఇటూ.

పని తెలిసినవాడి లెక్కలో ఈ రెండు భాగాలూ ఉంటాయి. మన బడుల్లోని సైన్సు రికార్డుల్లో మాత్రం చాలావరకు మొదటి భాగమే కనిపిస్తుంది. రెండో భాగం లేని లెక్క సగం లెక్కే అని నా అభిప్రాయం. ఇది చిన్న విషయం అనుకోకండి. ప్రపంచంలోకెల్లా పెద్ద యంత్రాల దగ్గర పనిచేసే శాస్త్రజ్ఞులు కూడా ఈ రెండో భాగం కోసమే సంవత్సరాల తరబడి శ్రమిస్తున్నారు. బరువు క్వార్కుల క్షయాన్ని లెక్క కట్టేవారి కథ వింటే ఆ సంగతి మీకే తెలుస్తుంది.

ఒక కణం పోయి మరో కణం

పరమాణు కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయని మీరు చదువుకున్నారు. వాటి లోపల క్వార్కులనే ఇంకా చిన్న కణాలున్నాయి. ఇవి ఆరు రకాలు: అప్, డౌన్, స్ట్రేంజ్, ఛార్మ్, బాటమ్, టాప్. మన చుట్టూ ఉన్న మట్టి, నీరు, మన శరీరం, వీటిలోని ప్రోటాన్లూ న్యూట్రాన్లూ అప్, డౌన్ క్వార్కులతో ఏర్పడినవే. చివరి మూడూ బరువు క్వార్కులు.

మూడు రకాల క్వార్కులే తెలిసిన రోజుల్లో, 1973లో, జపాను శాస్త్రజ్ఞులు కొబయాషి, మస్కావా ఒక మాట చెప్పారు. ద్రవ్యానికీ ప్రతిద్రవ్యానికీ ప్రవర్తనలో కనిపించిన కొద్దిపాటి తేడాకు, క్వార్కులు ఆరు ఉంటే కారణం దొరుకుతుందని కాగితం మీద చూపించారు. ఆ తరువాత ఛార్మ్ 1974లో, బాటమ్ 1977లో, టాప్ 1995లో ప్రయోగాల్లో దొరికాయి. 2008లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. లెక్కకు ఉన్న బలం చూశారా!

బరువు క్వార్కు ఎంతోసేపు నిలవదు. బాటమ్ క్వార్కు ఉన్న కణాల్లో ఒకదాన్ని బి-మేసాను అంటారు. ఒక సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటిన్నర భాగం దాని సగటు ఆయుర్దాయం. ఆ తరువాత బాటమ్ క్వార్కు చాలాసార్లు ఛార్మ్ క్వార్కుగా మారుతుంది. మిగిలిన శక్తి వేరే కణాలుగా బయటపడుతుంది. దీనినే క్షయం అంటారు. ఇక్కడ క్షయం అంటే అరిగిపోవడం కాదు. ఒక కణం మాయమై దాని స్థానంలో ఇతర కణాలు రావడం.

ఇది మనకు కొత్త విద్య కాదు. న్యూట్రాను ప్రోటానుగా మారి ఎలక్ట్రానును వదిలే బీటా క్షయంలో జరిగేది కూడా ఇటువంటిదే. అక్కడ డౌన్ క్వార్కు అప్ క్వార్కుగా మారుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో పుట్టిన స్వామి జ్ఞానానంద, సన్యాసి అయి ఉండి కూడా యూరపు వెళ్ళి ఆ బీటా కిరణాల మీద పరిశోధన చేశారు. తరువాత విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పారు. ఇక బరువు క్వార్కుల క్షయాల మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్య రుక్మణి మొహంతా, సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐ.ఐ.టి. హైదరాబాద్‌లో ఆచార్య అంజన్ గిరి పరిశోధనలు చేస్తూ వచ్చారు. మా చీరాలలో రైలెక్కి రాత్రి నిద్రపోతే తెల్లవారేసరికి చేరే ఊళ్ళోనే ఈ లెక్కలు జరుగుతున్నాయన్నమాట!

అయిదో ఘాతం చేసే అల్లరి

ఇప్పుడు మీరే ఒక లెక్క వెయ్యండి. ఎలక్ట్రానుకు మ్యుయాను, టౌ అని రెండు బరువైన అన్నలున్నాయి. ఇవి క్వార్కులు కావు, కాని వీటి క్షయానికీ క్వార్కుల క్షయానికీ కారణం ఒకే బలం. దాని పేరు బలహీన బలం. ఈ బలం వల్ల జరిగే క్షయపు వేగం, పుట్టే కణాలు బాగా తేలికైనవయితే, కణపు ద్రవ్యరాశి అయిదో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. ద్రవ్యరాశి రెండింతలైతే వేగం 2×2×2×2×2, అనగా 32 రెట్లు అవుతుంది.

మ్యుయాను సగటు ఆయుర్దాయం సెకనులో పది లక్షల వంతులు 2.2. టౌ దానికన్నా 16.8 రెట్లు బరువు. 16.8 అయిదో ఘాతం సుమారు 13 లక్షల 38 వేలు. మ్యుయాను ఆయుర్దాయాన్ని దీనితో భాగిస్తే సెకనులో లక్ష కోట్ల వంతులు 1.64 వస్తుంది. అయితే టౌకు క్షయించే దారులు ఎక్కువ. మ్యుయానులాగా ఎలక్ట్రాను దారి పట్టేవి నూటికి 17.8 మాత్రమే. సినిమా హాలుకు తలుపులు ఎక్కువ ఉంటే జనం త్వరగా బయటపడతారు కదా! కనుక 1.64ను 0.178తో గుణించాలి. జవాబు 0.29. ప్రయోగశాలలో కొలిచిన విలువ కూడా 0.29!

సంతోషంగా ఉంది కదూ? ఇక ఇదే లెక్క బాటమ్ క్వార్కుకు వేయబోతే చిక్కు మొదలవుతుంది. క్వార్కు ఒంటరిగా దొరకదు. ప్రబల బలం దాన్ని ఎప్పుడూ ఇతర క్వార్కులతో కట్టి ఉంచుతుంది. అటువంటిదాన్ని విడదీసి తూచేదెలా? అందుచేత దాని ద్రవ్యరాశిని నిర్వచించడానికే ఒకటికి మించిన పద్ధతులున్నాయి. ఒక పద్ధతిలో అది ప్రోటానుకు 4.5 రెట్లు, మరో పద్ధతిలో 5.1 రెట్లు. తేడా నూటికి 13. అంతేగా అంటారు. 5.1ని 4.5తో భాగించి అయిదో ఘాతం కట్టండి. సుమారు 1.87 వస్తుంది. నూటికి 13 ఉన్న సందేహం జవాబులోకి వచ్చేసరికి నూటికి 87 అయి కూర్చుంది!

ఒక్కొక్క పద్ధతికి తగిన సవరణలు చేరుస్తూ పోతే ఈ తేడా తగ్గుతుంది. అయినా కొంత మిగులుతుంది. ఆ మిగిలినదెంతో చెప్పకుండా ఒక్క అంకె చేతిలో పెట్టే శాస్త్రజ్ఞుడు మనకు సాయం చేసినట్టా, మోసం చేసినట్టా? ఆలోచించండి.

హద్దును తగ్గించే ఉపాయాలు

ఈ అటూ ఇటూ హద్దును తగ్గించడానికి శాస్త్రజ్ఞులు ఎన్నో ఉపాయాలు కనిపెట్టారు.

గుంజకు కట్టిన దూడ గుంజ చుట్టూ తిరుగుతుంది. గుంజ రాతిదా, ఇనుపదా అన్నది దూడకు పట్టదు. అది కదలకుండా ఉంటే చాలు. మేసానులో బరువు క్వార్కు గుంజ వంటిది, తేలిక క్వార్కు దూడ వంటిది. బాటమ్ గుంజ స్థానంలో ఛార్మ్ గుంజ వచ్చినా దూడ నడకలో పెద్ద మార్పు ఉండదు. ఈ సౌష్ఠవాన్ని 1989లో ఇస్గర్, వైజ్ అనే శాస్త్రజ్ఞులు లెక్కలో పెట్టారు. దాంతో తెలియని రాశులు చాలా తగ్గిపోయాయి.

రెండో ఉపాయం మా ఊరివారికి సులభంగా అర్థమవుతుంది. 1974లో కెన్నెత్ విల్సన్ స్థలకాలాలను పడుగూ పేకా ఉన్న గుడ్డలాగా గళ్ళు గళ్ళుగా ఊహించి, ఆ గళ్ళ మీద ప్రబల బలాన్ని లెక్క కట్టే మార్గం చూపారు. గళ్ళు ఎంత సన్ననివైతే జవాబు అంత మెరుగు. కాని కంప్యూటరుకు పని అంతకంత పెరుగుతుంది. అందుచేత ఆ లెక్క కట్టేవారు కూడా జవాబు పక్కన అటూ ఇటూ రాసి తీరతారు.

మూడో ఉపాయం, లెక్కకు లొంగే ప్రశ్నను వెతికి పట్టుకోవడం. కొబయాషి, మస్కావాల సిద్ధాంతం నుంచి ఒక త్రిభుజం వస్తుంది. దాని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు అవుతోందా లేదా అన్నది సిద్ధాంతానికి పరీక్ష. అందులో గామా అనే కోణాన్ని రాబట్టే ఒక మార్గాన్ని 2003లో అంజన్ గిరి, మరి ముగ్గురు శాస్త్రజ్ఞులతో కలిసి ప్రతిపాదించారు. సిద్ధాంతం లెక్క కట్టలేని రాశులను ఊహించడం మాని, వాటిని కూడా కొలతల నుంచే తెలుసుకోవడం ఇందులోని కిటుకు. ఈ రకం క్షయాల నుంచి గామాను రాబడితే సిద్ధాంతం వైపు నుంచి వచ్చే తేడా కోటిలో ఒక వంతుకు మించదని 2013లో లెక్క తేలింది. గామా సుమారు 65 డిగ్రీలు, అటూ ఇటూ సుమారు 3 డిగ్రీలు అని ప్రయోగాలు చెబుతున్నాయి. అంటే ఇక్కడ మిగిలిన సందేహమంతా కొలతదే. హద్దు రాసినందువల్లనే ఇక ఏ వైపు శ్రమ పెట్టాలో తెలిసింది.

అన్నిచోట్లా ఇంత చక్కగా జరగదు. బాటమ్ ఛార్మ్‌గా మారే బలాన్ని చెప్పే ఒక సంఖ్య ఉంది. అన్ని క్షయాలనూ కలిపి లెక్కిస్తే అది సుమారు 0.042 వస్తుంది. ఏరుకున్న కొన్ని క్షయాల నుంచి లెక్కిస్తే 0.040కి కాస్త అటూ ఇటూగా వస్తుంది. చూడటానికి చిన్న తేడాయే. కాని ఇరువైపులా రాసుకున్న హద్దులలో ఇది సరిగా ఇమడటం లేదు. అందుకే దీన్ని ఎవరూ వదిలిపెట్టలేదు. హద్దులు రాసుకోకపోతే ఇక్కడొక చిక్కు ఉందన్న సంగతే బయటపడేది కాదు.

తమ లెక్కను తామే దిద్దుకున్నవారు

జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనాలయంలో ఎల్.హెచ్.సి.బి. అనే ప్రయోగం ఉంది. బి-మేసాను క్షయించి ఒక కె-మేసానునూ మ్యుయానుల జంటనూ ఇవ్వవచ్చు, లేదా కె-మేసానునూ ఎలక్ట్రానుల జంటనూ ఇవ్వవచ్చు. ఈ రెండింటి నిష్పత్తి 1 ఉండాలి, అటూ ఇటూ నూటికి ఒకటి అని సిద్ధాంతపు లెక్క. 2021 మార్చిలో ఆ ప్రయోగం వారు కొలిచిన నిష్పత్తి సుమారు 0.85, అటూ ఇటూ 0.04. కొత్త బలం ఏదో దొరకబోతున్నదని ప్రపంచమంతటా పత్రికలు రాశాయి.

ఆ బృందం మాత్రం అక్కడితో ఆగలేదు. మళ్ళీ మొదటి నుంచి పరీక్షించారు. ఎలక్ట్రానులుగా లెక్కపెట్టిన వాటిలో కొన్ని ఎలక్ట్రానులు కావని తేలింది. 2022 డిసెంబరులో సవరించిన నిష్పత్తి సుమారు 0.95 అనీ, అది తన హద్దులలో 1తో సరిపోతున్నదనీ వారే ప్రకటించారు. గొప్ప వార్త పోయింది, సత్యం నిలిచింది. ఆనాడు 0.85ను దాచి పుస్తకంలో ఉన్న 1 రాసేసినా తప్పే అయ్యేది. 0.85నే పట్టుకుని వేళ్ళాడినా తప్పే అయ్యేది. వచ్చినది వచ్చినట్టు, హద్దుతో సహా రాయడమే వారిని కాపాడింది.

మన రికార్డుల సంగతి

ఇక మన సంగతి చూద్దాం. కుంభాకార కటకం నాభ్యంతరం కనుక్కునే ప్రయోగం చేస్తాం. పెట్టె మీద 20 సెంటీమీటర్లు అని ఉంటుంది. విద్యార్థికి 18.7 వస్తుంది. రబ్బరుతో చెరిపి 20 రాస్తాడు. పై తరగతుల్లో లఘులోలకంతో గురుత్వ త్వరణం కొలిస్తే 9.4 వస్తుంది. అంకెలను వెనుక నుంచి ముందుకు సర్ది 9.8 రాస్తారు. రికార్డు మీద సంతకం పడుతుంది, మార్కులూ పడతాయి. ఆ విద్యార్థి ఆ రోజు నేర్చుకున్నదేమిటి? కన్ను చూసినదానికన్నా పుస్తకం చెప్పినది గొప్పదని. సైన్సుకు ఇంతకంటే హాని మరొకటి లేదు.

ఇందుకు కొందరు ఉపాధ్యాయులు ఒక అభ్యంతరం చెబుతారు. అటూ ఇటూ రాయనిస్తే పిల్లలు సోమరులవుతారనీ, 9.8కి అటూ ఇటూ 5 అని రాసి తప్పించుకుంటారనీ వారి భయం. అందులో కొంత నిజముంది. రేపు వాన పడవచ్చు, పడకపోవచ్చు అని చెప్పినవాడి మాట ఎన్నడూ తప్పదు. ఎవరికీ ఉపయోగపడదు కూడా. కాబట్టి ఊరికే హద్దు రాస్తే చాలదు, కారణం రాయాలి. దారం పొడవు కొలవడంలో ఎంత తేడా రావచ్చు? గడియారం నొక్కడంలో ఎంత ఆలస్యం జరగవచ్చు? పది డోలనాలకు బదులు యాభై డోలనాల కాలం కొలిస్తే తేడా ఎంత తగ్గుతుంది? ఇది సోమరితనం కాదు. రికార్డులో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే.

పరీక్షల్లో జవాబు ఒక్కటే అడుగుతారు కదా అని మీరు అనవచ్చు. నిజమే. ప్రశ్నపత్రాన్ని మీరూ నేనూ రేపే మార్చలేము. కాని రికార్డు పుస్తకం మన చేతిలో ఉంది. ప్రతి ప్రయోగం చివర ఒక గీత గీసి ‘అటూ ఇటూ ఎంత? ఎందువల్ల?’ అని రాసుకోండి. మీ సైన్సు మాస్టారికి చూపించండి. పుస్తకపు విలువ రాకపోయినా కారణం సరిగా రాసినవారికి పూర్తి మార్కులు ఇవ్వవలసిందని నా తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాను.

సెర్న్ వంటి యంత్రం మన జిల్లాలో ఎవరూ కట్టలేరు. కాని ఒక దారం, ఒక రాయి, ఒక గడియారం ఏ బడిలోనైనా దొరుకుతాయి. ఈ వారమే మీ లోలకాన్ని మరోసారి ఊపండి. వచ్చిన అంకెను చెరపకండి. దాని పక్కన అటూ ఇటూ ఎంతో రాయండి. ఆ పని నిజాయితీగా చేసిన రోజున బరువు క్వార్కుల శాస్త్రజ్ఞుడు చేసే పనే మీరూ చేసినట్టు!