‘జారి పడ్డాడు’ అని రాయించకండి



కదిరి నుండి తనకల్లు, కొక్కంటి క్రాస్ మీదుగా మొలకలచెరువు, మదనపల్లె వైపు పోయే మన రోడ్డు ఇప్పుడు 42వ నంబరు జాతీయ రహదారి. టమోటా లోడు లారీలు, బెంగుళూరు బస్సులు, కూలీల ఆటోలు, ముగ్గురెక్కిన మోటారు సైకిళ్ళు, అన్నీ దాని మీదనే. దెబ్బలు తగిలినవారిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు, రక్తం తుడిచేలోపే వెంట వచ్చినవారు మా సిస్టర్లతో అనే మాట ఒకటుంది. “సిస్టరమ్మా, యాక్సిడెంట్ అని రాయొద్దండి. బండి మీద నుండి జారి పడ్డాడని రాయండి. మేం మేం మాట్లాడుకుంటాం.”

ఈ మాట ఎందుకంటారో మాకు తెలుసు. గుద్దినవాడు పక్క ఊరివాడు, లేదా చుట్టమే కావచ్చు. పోలీసు స్టేషనంటే భయం. ఊరి పెద్దలు కూర్చుని ఇరవై వేలో ముప్పై వేలో ఇప్పిస్తామని చెప్పి ఉంటారు. అయినా అలా రాయించుకోవద్దని, మేము అలా రాయమని, ఈ పత్రిక ద్వారా గట్టిగా చెప్పదలిచాము.

ఒకసారి లెక్క వేసి చూడండి. తొడ ఎముక విరిగిన కూలిమనిషికి ఆపరేషన్ చేసి రాడ్ వేస్తారు. నెలల తరబడి బరువు మోయకూడదు. చెనిక్కాయల పని పోతుంది, ఆయనను చూసుకునే భార్య కూలి కూడా పోతుంది. తరువాత రాడ్ తీయవలసి వస్తే మరొక ఆపరేషన్. ఆ ఇరవై వేలు మొదటి నెలలోనే అయిపోతాయి. అప్పుడు కోర్టుకు పోదామంటే ఆసుపత్రి కాగితం మీద ‘జారి పడ్డాడు’ అని ఉంటుంది. ఇన్సూరెన్సు కంపెనీ వకీలు జడ్జిగారి ముందు మొదట చూపించేది ఆ ఒక్క పంక్తినే.

పెద్ద ప్రమాదం జరిగితే లోకమంతా చూస్తుంది. 2012 మే 22 తెల్లవారుజామున పెనుకొండ స్టేషన్లో హంపీ ఎక్స్‌ప్రెస్ గూడ్స్ బండిని ఢీకొని 25 మంది చనిపోయినప్పుడు, 2015 జనవరి 7న మడకశిర నుండి పెనుకొండకు వస్తున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి చదువుకునే పిల్లలు చనిపోయినప్పుడు మంత్రులు వచ్చారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. మునిమాపు వేళ రోడ్డు దాటుతూ దెబ్బతిన్న ఒంటరి మనిషి కోసం ఎవరూ రారు. ఆయనకు ఉన్నది చట్టం ఒక్కటే. ఎక్స్‌గ్రేషియా దయతో ఇచ్చేది. నష్టపరిహారం హక్కుగా వచ్చేది. ఈ రెంటికీ తేడా మన కుటుంబాలు తెలుసుకోవాలి.

“క్షమించేశాం, మళ్ళీ కోర్టు ఎందుకు” అని కొందరు విశ్వాసులు అడుగుతారు. క్షమాపణ మంచిదే. అయితే 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రోడ్డు మీదికి వచ్చే ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉండాలి. ఆ ప్రీమియం వసూలు చేసేదే ఇటువంటి రోజు కోసం. ఇన్సూరెన్సు ఉన్న బండి అయితే సాధారణంగా పరిహారం కట్టేది కంపెనీ, డ్రైవరు ఇల్లు అమ్ముకోనక్కరలేదు. నిర్గమకాండము 21వ అధ్యాయం చూడండి. దెబ్బకొట్టి ఒకరిని మంచాన పడేసినవాడు ఆ మనిషి పని పోగొట్టుకున్న దినాలకు నష్టం చెల్లించాలని, వైద్యం పూర్తిగా చేయించాలని అక్కడ ఆజ్ఞ ఉంది. కనుక న్యాయంగా రావలసినది అడగడం అత్యాశ కాదు, పగ కూడా కాదు.

అయితే దీనికి గడువులున్నాయి. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం పోలీసులు ప్రమాదం గురించిన మొదటి రిపోర్టును 48 గంటలలో క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు, ఇన్సూరెన్సు కంపెనీకి పంపాలి. ఆసుపత్రి మెడికో-లీగల్ రిపోర్టును 15 రోజులలో పోలీసులకు ఇవ్వాలి. ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు క్లెయిమ్ వేయాలని కూడా అదే రోజు నుండి చట్టం చెబుతోంది. ఈ ఆరు నెలల నియమం మీద సుప్రీంకోర్టులో వివాదం నడిచింది. గడువు దాటిందన్న కారణంతో దరఖాస్తులను కొట్టివేయవద్దని 2025 నవంబరులో ఆ కోర్టు మధ్యంతరంగా ఆదేశించింది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దని మా సలహా. కట్టు ఆరకముందే కాగితం కదలాలి.

గుద్దిన బండి ఏదో తెలియకపోయినా దారి మూసుకుపోలేదు. అటువంటి కేసులో 2022 ఏప్రిల్ 1 తరువాత జరిగిన ప్రమాదాలకు, మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్రగాయమైతే 50 వేల రూపాయలు ఇచ్చే పథకం ఉంది. దరఖాస్తు ఆర్.డి.ఓ. లేదా తహసీల్దారు కార్యాలయంలో ఇవ్వాలి.

ఇక వకీలు సంగతి. దూరపు పెద్ద వకీలు కంటే మన దగ్గరి వకీలే మేలని మా అభిప్రాయం. మనవాడు కూలికి పోయి బెంగుళూరులో దెబ్బతిన్నా, తాను నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేసుకోవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. కదిరి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఎక్కడి వకీలైనా సరే, బస్సెక్కి పోయి ఆఫీసులో కూర్చుని “అయ్యా, మా కేసు ఎంతవరకు వచ్చింది” అని అడగగలిగినవారు కావాలి.

కానీ వార్డు వరండాలో మంచం మంచం తిరుగుతూ “మీకేం ఖర్చు లేదు, వచ్చినదాంట్లో సగం మాకు” అనేవారిని నమ్మకండి. వకీళ్ళు మనుషులను పెట్టి కేసులు పట్టుకోకూడదు. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోకూడదు. ఈ రెండూ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలే. ఫీజు ఎంతో ముందే అడగండి, ఇచ్చినదానికి రసీదు తీసుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం గాని వేలిముద్ర గాని పెట్టవద్దు. అసలు కాగితాలు ఇచ్చే ముందు అన్నిటికీ జిరాక్స్ తీసి పెట్టుకోండి. కేసు వేసిన తరువాత దాని నంబరు రాయించుకోండి. పరిహారం సొమ్ము నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాలో పడేటట్లు చూడాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక మీ పాసుబుక్కు, చెక్కుబుక్కు మీ చేతిలోనే ఉండాలి.

ఫీజు ఇచ్చుకోలేనివారు వెనుకాడవద్దు. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, తక్కువ ఆదాయం గలవారికి 1987 చట్టం ప్రకారం ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు దగ్గరి మండల న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కేసు త్వరగా ముగుస్తుంది. కాని ఆ తీర్పు మీద అప్పీలు లేదు. అందుచేత మొత్తం ఎంతో విని, అర్థం చేసుకున్న తరువాతనే ఒప్పుకోండి.

నర్సులుగా మేము చెప్పవలసినది మరొకటి ఉంది. “కేసు అయ్యేదాకా కాలు బాగు చేసుకోవద్దు, వైకల్యం ఎక్కువ ఉంటే డబ్బు ఎక్కువ వస్తుంది” అని సలహాలిచ్చేవారున్నారు. ఇది మహా పాపపు సలహా. వ్యాయామం మానితే మోకాలు బిగుసుకుపోతుంది, డబ్బు వచ్చినా ఆ మోకాలు వంగదు. పరిహారానికి అవయవం ఎంత శాతం దెబ్బతిన్నదన్నది ఒక్కటే కొలత కాదు. సంపాదించే శక్తి ఎంత పోయిందో చూడాలని 2010లో సుప్రీంకోర్టు వివరించింది. ఒక చెయ్యి పోతే ఆఫీసు గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు, డ్రైవరుకు, వడ్రంగికి బ్రతుకుదెరువే పోతుంది. కనుక మీరు చేసే పని ఏదో, రోజు కూలి ఎంతో డాక్టరుగారికి, వకీలుగారికి ఉన్నదున్నట్లు చెప్పండి. ఇంటి పని చేసుకునే తల్లులు “మాకేం సంపాదన” అనకండి. గృహిణి పనికి కూడా విలువ కట్టాలని 2021లో అదే కోర్టు మరల చెప్పింది. డిశ్చార్జి కార్డు, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, ఆసుపత్రికి వచ్చిన ఆటో చార్జీల లెక్క అన్నీ ఒక సంచిలో భద్రపరచండి.

మా మాటకు రెండో వైపు కూడా ఉంది. నిజంగా జారి పడినవారు వారాల తరువాత వచ్చి, ఇన్సూరెన్సు ఉన్న ఎవరిదో బండి నంబరు చెప్పి “ఇది గుద్దిందని రాయండి” అంటే అదీ రాయము. అది కంపెనీని మాత్రమే మోసం చేయడం కాదు. రేపు నిజంగా దెబ్బతిన్న పేదవాని కాగితాన్ని కూడా కోర్టు అనుమానంతో చూసేటట్లు చేయడం. బండి యజమాని లైసెన్సు ఉండి తానే పడితే, ఆ పాలసీలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందేమో చూసుకోండి. మరణానికి, చెయ్యో కాలో పోయిన శాశ్వత వైకల్యానికి అది వర్తిస్తుంది. అబద్ధం అవసరం లేదు.

కాబట్టి మా మనవి ఇదే. ఆసుపత్రి గడప తొక్కగానే ఎక్కడ జరిగింది, ఎన్ని గంటలకు, ఏ బండి, దాని నంబరు ఏమి, ఎవరు చూశారు అన్నది ఉన్నదున్నట్లు చెప్పండి. తెలియనిది తెలియదని చెప్పండి. మందు వేయడం, కట్టు కట్టడం మా పని. ఆ నాలుగు మాటలు నిజంగా చెప్పడం మీ పని. ఆపైన వాదించడం వకీలు పని.