పని తెలియడమూ అమానతే

మా మదరసాలో హిఫ్జ్ పూర్తిచేసి, ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి, ఇంటర్ గట్టెక్కిన పిల్లలు కొందరు ఇప్పుడు గ్రూప్స్ పరీక్షలకూ, సచివాలయ ఉద్యోగాలకూ పుస్తకాలు పట్టారు. మాకు సంతోషమే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు లక్షకు పైగా కొలువులు వచ్చాయి. అప్పటినుంచి మన ఇళ్లలోనూ ఆ ఆశ పెరిగింది. కొలువు దొరికాక ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తున్నది.

లంచం ముట్టకుండా ఉంటే చాలునని తల్లిదండ్రులు అంటారు. అది చాలదని మా అభిప్రాయం. హజ్రత్ అబూజర్ (రజి) దైవభీతిలో, సత్యవాక్కులో ఎవరికీ తీసిపోనివారు. అయినా ఆయన పదవి కోరినప్పుడు దైవప్రవక్త (స) ఇవ్వలేదు. అది అమానత్ అనీ, దాన్ని మోసే శక్తి ఆయనకు లేదనీ వాత్సల్యంతోనే చెప్పారు. హజ్రత్ యూసుఫ్ (అలై) ఈజిప్టు కోశాగారాల బాధ్యత అడిగినప్పుడు తనలోని రెండు అర్హతలను చూపారు: కాపాడగలగడం, పని తెలిసి ఉండటం. నిజాయితీపరుడైనా పని రానివాడు కుర్చీలో కూర్చుంటే ప్రజల హక్కు పోతూనే ఉంటుంది.

మన పేర్ల సంగతే చూడండి. ఒకే మనిషి ఆధార్‌లో ముహమ్మద్, రేషన్ కార్డులో మహ్మద్, బ్యాంకు పుస్తకంలో ఎం.డి. షేక్ అన్నది ఒకచోట పేరుకు ముందు, మరొకచోట చివర. బీ, బీబీ, బేగం అన్నవి రాసేవారి ఇష్టం! ఇక భర్త చనిపోయిన స్త్రీ పింఛనుకు వెళుతుంది. మరణ ధ్రువీకరణ పత్రంలో ఉన్న భర్త పేరు, ఆమె కార్డులో ఉన్న భర్త పేరు కలవవు. దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఇందులో ఎవరూ లంచం అడగలేదు, ఎవరూ అబద్ధమాడలేదు. ఏనాడో ఒకరు సరిగా వినకుండా రాశారు, అంతే. నెలకు 4,000 రూపాయలు ఆ ఇంటికి చేరడం లేదు.

కనుక రేపటి ఉద్యోగికి మొదట కావలసింది వినే ఓపిక. పాత కాగితం అడిగి చూడటం, రాసినది మీట నొక్కకముందే పైకి చదివి వినిపించడం దాని తరువాతి మెట్టు. నిబంధన తెలిసినవాడు ఏ పత్రం లేకపోతే ఏది చెల్లుతుందో చెప్పగలడు. తెలియనివాడు ‘కుదరదు’ అంటాడు, లేదా సర్వర్ మీద నెపం వేస్తాడు. (సర్వర్ నిజంగా పనిచేయని రోజులూ ఉంటాయి, అది వేరే బాధ.) కుదరనప్పుడు కారణాన్ని కాగితం మీద రాసి ఇవ్వడం కూడా నేర్వవలసిన పనే.

ఉర్దూను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో రెండవ అధికార భాషగా గుర్తించాయి. కానీ కౌంటరు ముందు నిలబడిన ముసలమ్మతో మాట్లాడవలసింది మనిషే. కాఫ్‌కూ ఖాఫ్‌కూ తేడా తెలిసిన మన పిల్లలకు ఇక్కడ ఒక మేలు ఉంది. ఆ చెవి లంబాడీ తల్లి పేరుకూ, కోయ పెద్దాయన పేరుకూ అంతే శ్రద్ధగా పనిచేయాలి. వరుసను తప్పించి ‘మనవాళ్లను’ ముందు పిలిచేవాడు మా దృష్టిలో ఖియానత్‌కు పాల్పడినవాడే.

ఈ పని పుస్తకాలతో రాదు. అందుకే ప్రతి గురువారం అసర్ నమాజు తరువాత మా పెద్ద విద్యార్థులు పేటలోని వృద్ధుల దరఖాస్తులు నింపుతున్నారు. మొన్న ఒక కుర్రవాడు రాసినది చదివి వినిపించగా, ఆ పెద్దామె “బీ కాదు బేటా, బీబీ” అని సరిదిద్దింది. వచ్చే నెల నుంచి ఆదాయ, బీసీ-ఈ ధ్రువీకరణ పత్రాల దరఖాస్తులూ చేర్చదలచాము. సెలవులకు ఇంటికి వచ్చే డిగ్రీ విద్యార్థినులు స్త్రీల దరఖాస్తుల వద్ద కూర్చోగలిగితే మాకు ఎంతో సాయమవుతుంది.